ఎఫ్‌హెచ్‌తో గర్భం: స్టాటిన్ ఆపే రోజు నుంచి మళ్లీ వేసుకునే రోజు దాకా

ఎఫ్‌హెచ్ (వంశపారంపర్యంగా వచ్చే అధిక కొలెస్ట్రాల్) ఉండి, దాన్ని తగ్గించే స్టాటిన్ మాత్ర వాడుతున్న ఆడవాళ్లు పిల్లల గురించి ఆలోచించగానే డాక్టర్‌ను అడిగే మొదటి ప్రశ్న, మాత్ర ఎప్పుడు ఆపాలి అని. దానికి జవాబు తేలిగ్గానే దొరుకుతుంది. మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి అని మాత్రం అడిగేవాళ్లు తక్కువ, తమంతట తాము చెప్పే డాక్టర్లూ తక్కువే. కాన్పయ్యాక పాలిస్తున్నామని ఒక ఏడాది, పసిబిడ్డ పనిలో పడి మరో ఏడాది, ఈలోగా రెండో గర్భం. ఇలా మందు లేకుండా జారిపోయే కాలమే ఈ జబ్బులో అసలు నష్టం. ఏడో నెలలో కొలెస్ట్రాల్ అంకె ఎంతకు పోయిందన్న బెంగ కన్నా దీని మీద దృష్టి పెట్టాలి. కింది మెట్లన్నీ ఆ ఖాళీని తగ్గించుకోవడానికీ, అది ఉన్నన్నాళ్లూ గుండెను కాచుకోవడానికీ.

ముందు జబ్బు సంగతి

ఎఫ్‌హెచ్ అంటే ఫెమీలియల్ హైపర్‌కొలెస్టరాలేమియా, వంశపారంపర్యంగా వచ్చే అధిక కొలెస్ట్రాల్. రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్‌ను, అంటే చెడు కొలెస్ట్రాల్‌ను, కాలేయం తన కణాల మీదున్న రిసెప్టర్లతో పట్టి లోపలికి లాక్కుంటుంది. ఈ పనిని కనిపెట్టినందుకే గోల్డ్‌స్టీన్, బ్రౌన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది. ఎల్‌డీఎల్‌ఆర్, ఏపీఓబీ, పీసీఎస్‌కే9 అనే జన్యువుల్లో ఏదో ఒకదానిలో లోపం ఉంటే ఈ లాక్కునే పని మందగిస్తుంది. ఎల్‌డీఎల్ పుట్టినప్పటి నుంచే రక్తంలో పేరుకుంటూ ఉంటుంది. తిండి అదుపులో లేక వచ్చిన జబ్బు కాదిది.

తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క లోపపు జన్యువు వస్తే అది హెటిరోజైగస్ ఎఫ్‌హెచ్. సుమారు 250 మందిలో ఒకరికి ఉంటుంది. మందు లేకుండా ఎల్‌డీఎల్ సాధారణంగా 190 దాటి ఉంటుంది (అంకెలన్నీ డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో, మీ రిపోర్టు మిల్లీమోల్స్‌లో ఉంటే 38.67తో హెచ్చించండి). ఇద్దరి నుంచీ వస్తే హోమోజైగస్. ఇది చాలా అరుదు, ఎల్‌డీఎల్ 400 పైన ఉంటుంది, చిన్న వయసులోనే గుండె రక్తనాళాలూ బృహద్ధమని కవాటమూ దెబ్బతింటాయి. ఈ రెండు రకాల దారి ఒకటి కాదు. ఇక్కడ చెప్పేదాంట్లో ఎక్కువ భాగం మొదటి రకానికి, హోమోజైగస్ వారికి విడిగా ఒక భాగం ఉంది.

గర్భంలో కొలెస్ట్రాల్ పెరగడం అందరికీ సహజం. ప్రొజెస్టెరాన్ తయారు చేయడానికి మాయకు ముడిసరుకు ఎల్‌డీఎల్ కొలెస్ట్రాలే. బిడ్డ కణాలకు కూడా అది కావాలి. అందుకే నెలలు నిండేసరికి మొత్తం కొలెస్ట్రాల్ 25 నుంచి 50 శాతం, ట్రైగ్లిజరైడ్లు 2 నుంచి 4 రెట్లు పెరుగుతాయి. ఎఫ్‌హెచ్ ఉన్నవారిలో కూడా పెరిగే శాతం దాదాపు ఇంతే, కానీ మొదలే పైనుంచి. మందు లేకుండా ఎల్‌డీఎల్ 240 ఉన్న మనిషికి తొమ్మిదో నెలలో 320 కనిపిస్తే అది కొత్త జబ్బు కాదు. బిడ్డ విషయంలో ధైర్యం చెప్పే సమాచారం ఉంది. నార్వేలో ఎఫ్‌హెచ్ ఉన్న తల్లుల కాన్పులను జనన రిజిస్టర్‌తో సరిపోల్చి 2011లో ప్రచురించిన పరిశోధనలో నెలలు నిండకుండా పుట్టడం, తక్కువ బరువు, పుట్టుకతో లోపాలు మిగతా తల్లుల కన్నా ఎక్కువగా కనిపించలేదు.

మొదటి మెట్టు: ప్రయత్నానికి ఆరు నెలల ముందు

స్టాటిన్ ఆపే మాట ఎత్తక ముందే గుండె ఎలా ఉందో తెలియాలి. గర్భంలో రక్తం పరిమాణం దాదాపు సగం మేర పెరుగుతుంది, గుండె అంత అదనపు పని చేయాలి. రక్తనాళాలు ఇప్పటికే ఇరుకై ఉంటే ఆ సంగతి ఐదో నెలలో బయటపడటం కన్నా ముందే తెలియడం మేలు. గుండె డాక్టర్ దగ్గర ఈసీజీ, ఎకో చేయించుకోండి. ఛాతీలో బరువు, నడిస్తే ఆయాసం ఉన్నా, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చినా, పొగతాగే అలవాటు లేదా షుగర్ ఉన్నా ట్రెడ్‌మిల్ లాంటి ఒత్తిడి పరీక్ష, అవసరమైతే సీటీ యాంజియో కూడా. సీటీ గర్భానికి ముందే అయిపోవాలి.

రక్తపరీక్షల్లో లిపిడ్ ప్రొఫైల్, లైపోప్రొటీన్ ఏ, టీఎస్‌హెచ్, మూడు నెలల షుగర్ సగటు చూపే హెచ్‌బీఏ1సీ, కాలేయ పరీక్షలు, మూత్రంలో ప్రొటీన్ ఉండాలి. టీఎస్‌హెచ్‌ను వదలకండి. థైరాయిడ్ మందగిస్తే ఎల్‌డీఎల్ ఇంకా ఎగబాకుతుంది, బిడ్డ ఎదుగుదలకూ అది మంచిది కాదు, పైగా మాత్రతో సరిదిద్దగలిగేది. లైపోప్రొటీన్ ఏ జీవితంలో ఒకసారి చూస్తే చాలు, అది ఎక్కువగా ఉంటే గుండె ప్రమాదం మరో మెట్టు పైకి వెళ్తుంది.

భర్తకు కూడా లిపిడ్ ప్రొఫైల్ చేయించండి. తేలికైన పరీక్ష, అయినా చాలామంది మరిచిపోతారు. ఇద్దరికీ ఎఫ్‌హెచ్ ఉంటే ప్రతి గర్భంలోనూ బిడ్డకు హోమోజైగస్ రకం వచ్చే అవకాశం 25 శాతం. మేనరికాలు, దగ్గరి బంధుత్వంలో పెళ్లిళ్లు అయిన కుటుంబాల్లో దీన్ని అస్సలు దాటవేయకూడదు. ఇద్దరిలో లోపం తేలితే జన్యు సలహాదారుతో ముందే మాట్లాడుకోవాలి. భర్తకు ఎఫ్‌హెచ్ ఉండి స్టాటిన్ వాడుతుంటే ఆయన ఆపనక్కర్లేదు.

బీపీకి ఏసీఈ ఇన్‌హిబిటర్లు (పేరు చివర ప్రిల్ ఉండేవి) లేదా ఏఆర్‌బీలు (చివర సార్టాన్ ఉండేవి) వాడుతుంటే ఇప్పుడే లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపాల్లో ఒకదానికి మార్పించుకోండి. ప్రిల్, సార్టాన్ మందులు బిడ్డ కిడ్నీలకు హాని చేస్తాయి. సిగరెట్ పూర్తిగా మానాలి. రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టి 12వ వారం దాకా వేసుకోవాలి.

రెండో మెట్టు: ఏ మందు ఎప్పుడు ఆపాలి

స్టాటిన్ విషయంలో బ్రిటన్ ఆరోగ్య సంస్థ నైస్ మార్గదర్శకాలు గర్భం కోసం ప్రయత్నించడానికి 3 నెలల ముందు ఆపమంటాయి. అమెరికా 2018 మార్గదర్శకాలు 1 నుంచి 2 నెలలు అంటాయి. నిజానికి అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ లాంటివి కొద్ది రోజుల్లోనే రక్తంలోంచి పోతాయి, మిగిలిన వారాలు జాగ్రత్త కోసం. గుండెజబ్బు లేని మనిషి 3 నెలలు తీసుకున్నా ఫరవాలేదు. ఎల్‌డీఎల్ బాగా ఎక్కువగా ఉన్నవారు 1 నెల గడువు గురించి డాక్టర్‌తో మాట్లాడుకోవచ్చు. మాత్ర ఆపాక కూడా ఈ గడువు పూర్తయ్యేదాకా నమ్మకమైన గర్భనిరోధం ఉండాలి. ఈస్ట్రోజెన్ ఉండే గర్భనిరోధక మాత్రల కన్నా కాపర్-టీ లేదా హార్మోన్ లూప్ ఎఫ్‌హెచ్ ఉన్నవారికి నయం.

కొలెస్ట్రాల్ తగ్గించే ఇతర మాత్రలు ఎజెటిమైబ్, బెంపడోయిక్ యాసిడ్ కూడా స్టాటిన్‌తో పాటే ఆపాలి. అలిరోక్యుమాబ్, ఎవోలోక్యుమాబ్ ఇంజెక్షన్లు యాంటీబాడీలు. వాటి ప్రభావం తగ్గడానికి వారాలు పడుతుంది, అవి రెండో త్రైమాసికం నుంచి మాయ దాటి బిడ్డకు చేరగలవు. కనుక 2 నుంచి 3 నెలల ముందే ఆపడం వాడుక. ఇంక్లిసిరాన్ ఆరు నెలలకు ఒక డోసు, దాని పని అన్నాళ్లూ సాగుతుంది. అందుకే పిల్లల ఆలోచన ఉంటే తర్వాతి డోసు వేయించుకునే ముందే చెప్పాలి. లోమిటపైడ్ బిడ్డలో లోపాలు కలిగించే ప్రమాదమున్న మందు, గర్భంలో పూర్తిగా నిషిద్ధం.

ప్రయత్నం మొదలుపెట్టాక నెలలు గడిచినా గర్భం రాకపోతే చేతులు కట్టుకుని కూర్చోకండి. మామూలుగా 35 లోపు వయసున్న వారిని ఏడాది ఆగమంటారు. మీరు మందు మానేసి ఆగుతున్నారు కాబట్టి 6 నెలలకే సంతాన పరీక్షలు అడగండి. పరీక్షలకూ చికిత్సకూ సమయం పట్టేలా ఉంటే మధ్యలో గర్భనిరోధంతో స్టాటిన్ మళ్లీ వేసుకోవచ్చా అని కూడా అడగండి.

అనుకోకుండా నెల తప్పితే

స్టాటిన్ వేసుకుంటుండగానే గర్భం తేలితే ఆ రోజే ఆపి ప్రసూతి డాక్టర్‌కు చెప్పండి. భయపడి గర్భం తీయించుకోవాలన్న ఆలోచన వద్దు. తొలి రోజుల్లో స్టాటిన్ పడిన గర్భాల మీద తర్వాత వచ్చిన పెద్ద పరిశీలనల్లో, తల్లికున్న షుగర్ లాంటి ఇతర కారణాలను లెక్కలోకి తీసుకున్నాక, లోపాలు చెప్పుకోదగ్గంత పెరిగినట్టు కనబడలేదు. అందుకే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2021లో, గర్భంలో స్టాటిన్ ఎవరికీ వాడరాదన్న హెచ్చరికను తొలగించమంది. చాలామంది గర్భం తేలగానే ఆపాలన్న సలహాను మాత్రం అలాగే ఉంచింది. హోమోజైగస్ రకం ఉన్నవారు, ఇదివరకే గుండెపోటో పక్షవాతమో వచ్చినవారు కొనసాగించాలా వద్దా అన్నది డాక్టర్ ఒక్కొక్కరిని చూసి తేల్చాలి. మీ ధైర్యం కోసం 18 నుంచి 20 వారాల మధ్య చేసే అవయవాల స్కాన్ మాత్రం తప్పకుండా చేయించుకోండి.

మూడో మెట్టు: గర్భంలో వాడదగిన మందు

హెటిరోజైగస్ రకం ఉండి గుండెజబ్బు లేని వారిలో ఎక్కువ మందికి ఈ తొమ్మిది నెలలూ ఏ మందూ అక్కర్లేదు. అవసరమైన వారికి ఉన్నవి పేగులో పైత్యరసాన్ని పట్టుకునే మందులు, కొలెస్టిరమిన్, కొలెస్టిపోల్, కొలెసెవెలామ్. ఇవి రక్తంలోకి వెళ్లవు, కాబట్టి బిడ్డను నేరుగా చేరవు. ఎల్‌డీఎల్‌ను సుమారు 10 నుంచి 20 శాతం తగ్గిస్తాయి. స్టాటిన్‌తో పోలిస్తే తక్కువే, వాడటం కూడా చికాకే. అందుకే సరిగ్గా ఎలా వాడాలో కొంచెం వివరంగా చెప్పాలి.

కొలెస్టిరమిన్ పొడిని ఉత్తదిగా నోట్లో వేసుకోకూడదు, గొంతుకు అడ్డం పడుతుంది. సగం గ్లాసుకు పైగా నీళ్లలోనో పండ్లరసంలోనో చల్లి, ఒకటి రెండు నిమిషాలు తడవనిచ్చి, కలిపి తాగాలి. ఇసుకలా తగులుతుంది, ఎంత కలిపినా పూర్తిగా కరగదు. నోట్లో ఉంచుకుని చప్పరిస్తే పళ్లు పాడవుతాయి. తాగాక గ్లాసులో ఇంకొన్ని నీళ్లు పోసి అడుగున మిగిలింది కూడా తాగండి. రోజుకు 4 గ్రాములతో మొదలుపెట్టి, డాక్టర్ చెప్పినట్టు వారాల తరబడి మెల్లగా పెంచాలి. ఒకేసారి పెంచితే కడుపు ఉబ్బరం, మలబద్ధకం వస్తాయి. గర్భంలో మలబద్ధకం ఎలాగూ ఉంటుంది, దాంతో చాలామంది మందే మానేస్తారు. నీళ్లు, పీచు ముందు నుంచే పెంచుకోండి. కొన్ని పొట్లాల్లో చక్కెర కలిసి ఉంటుంది, గర్భంలో షుగర్ వచ్చినవారు చక్కెర లేనివి అడగాలి.

అసలు తప్పు జరిగేది వేళల దగ్గర. ఈ మందు పైత్యరసాన్నే కాదు, అదే సమయంలో కడుపులో ఉన్న ఇతర మందులనూ పట్టేసుకుంటుంది. థైరాక్సిన్ (థైరాయిడ్ మాత్ర), ఐరన్, ఫోలిక్ యాసిడ్, విటమిన్లు అన్నీ దాంతో పాటు బయటికి పోతాయి. వాటిని ఒక గంట ముందు గానీ, 4 నుంచి 6 గంటల తర్వాత గానీ వేసుకోవాలి. థైరాక్సిన్‌కు కనీసం 4 గంటలు ఎడం ఉండాలి. ఒక పద్ధతి ఇలా పెట్టుకోవచ్చు. పొద్దున్న లేవగానే పరగడుపున థైరాక్సిన్, మధ్యాహ్న భోజనంతో కొలెస్టిరమిన్, రాత్రి పడుకునే ముందు ఫోలిక్ యాసిడ్, ఐరన్. మందు మొదలుపెట్టాక టీఎస్‌హెచ్ ఒక్కసారిగా పెరిగితే థైరాక్సిన్ డోసు పెంచే ముందు ఈ వేళలు ఎలా ఉన్నాయో చూసుకోవాలి.

ఎక్కువ కాలం వాడితే ఏ, డీ, ఈ, కే విటమిన్లు తగ్గుతాయి. వీటిలో విటమిన్ కే తగ్గడం కాన్పు దగ్గర ప్రమాదం, రక్తం గడ్డకట్టడం ఆలస్యమవుతుంది. చివరి నెలల్లో, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూపే ప్రోథ్రాంబిన్ సమయం పరీక్ష చేయించి, ఆ సమయం పెరిగి ఉంటే విటమిన్ కే ఇవ్వాలి. ఇంకొక హెచ్చరిక, ఈ మందులు ట్రైగ్లిజరైడ్లను పెంచుతాయి. అవి 300 దాటాక ఈ మందులు తగవు, 500 దాటితే అసలే వాడకూడదు.

నాలుగో మెట్టు: నెలనెలా ఏం చూసుకోవాలి

గుండెజబ్బు లేని హెటిరోజైగస్ వారికి నెలనెలా లిపిడ్ ప్రొఫైల్ చేయించనక్కర్లేదు. అంకె పెరుగుతుందని ముందే తెలుసు, పెరిగిందని చూసి చేయగలిగిందీ పెద్దగా ఏమీ లేదు, మిగిలేది దిగులే. గర్భానికి ముందే ట్రైగ్లిజరైడ్లు 250 పైన ఉన్నవారు మాత్రం రెండో, మూడో త్రైమాసికాల్లో చూపించుకోవాలి. 1000 దాటితే క్లోమం వాపు ప్రమాదం ఉంటుంది.

రిపోర్టు చదివేటప్పుడు ఒక మెలిక గుర్తుంచుకోండి. చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవరు, లెక్కగడతారు. మొత్తం కొలెస్ట్రాల్ లోంచి హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) తీసేసి, ట్రైగ్లిజరైడ్లలో ఐదో వంతు కూడా తీసేస్తారు. మొత్తం 420, హెచ్‌డీఎల్ 65, ట్రైగ్లిజరైడ్లు 250 అయితే 420లోంచి 65, 50 పోగా ఎల్‌డీఎల్ 305. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ లెక్క చెల్లదు, ఎల్‌డీఎల్ ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. అప్పుడు నేరుగా కొలిచే పరీక్ష అడగాలి.

కొలెస్ట్రాల్ కన్నా బీపీ మీద ఎక్కువ కన్ను వేయండి. ప్రతి సందర్శనలో బీపీ, మూత్రంలో ప్రొటీన్ చూడాలి. మొదటి గర్భం, ముందు నుంచీ ఉన్న బీపీ, ఎక్కువ బరువు లాంటివి ఉంటే గుర్రపువాతం (గర్భంలో బీపీ పెరిగి వచ్చే జబ్బు) రాకుండా 12వ వారం నుంచి తక్కువ మోతాదు ఆస్పిరిన్ ఇస్తారు. మీకు అవసరమా అని 12వ వారానికి ముందే అడగండి, సొంతంగా మొదలుపెట్టకండి. 24 నుంచి 28 వారాల మధ్య గర్భిణులకు చేసే షుగర్ పరీక్ష తప్పనిసరి.

తిండి విషయంలో రెండు తప్పులు జరుగుతాయి. మందు ఆపేశాం కాబట్టి తిండితోనే దించేయాలని కొవ్వు మొత్తం మానేయడం ఒకటి, ఇద్దరి కోసం తినాలంటూ వెన్న, మీగడ పెంచేయడం రెండోది. మొత్తం కేలరీల్లో సంతృప్త కొవ్వు 7 శాతం లోపు ఉంటే చాలు. 2000 కేలరీల తిండిలో అది రోజుకు సుమారు 15 గ్రాములు. వెన్న, మీగడ, కొవ్వున్న మాంసం, పామాయిల్, కొబ్బరినూనె తగ్గించి వాటి స్థానంలో ఇతర వంటనూనెలు, గింజలు, చేపలు పెట్టుకోవాలి. చేపల్లో పాదరసం తక్కువగా ఉండే చిన్నవి ఎంచుకోండి. కాడ్‌లివర్ ఆయిల్ వద్దు, దానిలోని విటమిన్ ఏ ఎక్కువైతే బిడ్డకు హాని. ఓట్స్, బార్లీ, పప్పుధాన్యాలు, చిక్కుళ్లు, పండ్లలో ఉండే కరిగే పీచు రోజుకు 10 గ్రాములకు తగ్గకుండా చూసుకోండి. కొలెస్ట్రాల్ తగ్గిస్తాయని అమ్మే ప్లాంట్ స్టెరాల్ కలిపిన పదార్థాలను గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టర్‌ను అడగకుండా వాడకూడదు. ప్రసూతి డాక్టర్ వద్దనకపోతే వారానికి 150 నిమిషాల చురుకైన నడక మంచిది.

ఛాతీలో మంట అంటే

గర్భిణికి ఛాతీలో మంట మామూలే, ఎక్కువసార్లు అది యాసిడ్ పైకి రావడమే. ఎఫ్‌హెచ్ ఉన్నవారు మాత్రం దాన్ని అంత తేలిగ్గా వదలకూడదు. బరువు పెట్టినట్టుండి దవడకో, ఎడమ చేతికో, వీపుకో పాకే నొప్పి, చెమటతో వచ్చే నొప్పి, నడిస్తే వచ్చి ఆగితే తగ్గే బిగువు, పడుకుంటే ఊపిరాడకపోవడం, స్పృహ తప్పడం వీటిలో ఏది ఉన్నా వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లాలి. చిన్న వయసు, కడుపుతో ఉన్న మనిషి అని చూసి అక్కడివాళ్లు యాసిడ్ మందిచ్చి పంపే ప్రమాదం ఉంది. మొదటి మాటలోనే చెప్పండి: ‘నాకు పుట్టుకతో వచ్చిన అధిక కొలెస్ట్రాల్ ఉంది, స్టాటిన్ ఆపి ఎనిమిది నెలలైంది, గుండె పరీక్ష చేయండి.’ ఈసీజీ, గుండె కండరం దెబ్బతిన్నదేమో చూపే ట్రోపోనిన్ రక్తపరీక్ష రెండూ చేయాలి. ఆరోగ్యంగా సాగే గర్భంలో ట్రోపోనిన్ పరిమితి దాటదు, దాటిందంటే కారణం వెతకాల్సిందే. గుండెపోటు అని తేలితే గర్భం ఉందన్న కారణంతో యాంజియోగ్రామ్ వాయిదా వేయకూడదు, అందులో బిడ్డకు చేరే రేడియేషన్ తక్కువ.

పొట్ట పైభాగంలో వదలని నొప్పి, వాంతులు కూడా ఆగకుండా చూపించుకోవాల్సినవే. అది క్లోమం వాపు కావచ్చు, గుర్రపువాతం కావచ్చు.

హోమోజైగస్ రకం ఉన్నవారికి, గుండెజబ్బు ఉన్నవారికి

వీరికి మందు ఆపి ఊరికే ఉండటం కుదరదు. లైపోప్రొటీన్ అఫెరిసిస్ అనే పద్ధతిలో రక్తాన్ని యంత్రం గుండా పంపి ఎల్‌డీఎల్‌ను తీసేసి తిరిగి ఎక్కిస్తారు. ఒక్కోసారికి ఎల్‌డీఎల్ 60 శాతం పైగా పడిపోతుంది. మళ్లీ పెరుగుతుంది కాబట్టి వారానికో, రెండు వారాలకో ఒకసారి చేస్తారు. గర్భంలో వాడిన అనుభవం ఉంది, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ మాయ దాటదు. పొట్ట పెరిగాక ఎడమవైపు ఒత్తిగిలి పడుకుని చేయించుకోవాలి, వెల్లకిలా పడుకుంటే గర్భాశయం పెద్ద సిర మీద నొక్కి బీపీ పడిపోతుంది. తరచూ చేస్తే ఐరన్ తగ్గుతుంది, హీమోగ్లోబిన్‌తో పాటు ఐరన్ నిల్వలు చూపే ఫెరిటిన్ కూడా చూస్తుండాలి.

గర్భానికి ముందే బృహద్ధమని కవాటం, దాని పైభాగం ఇరుకయ్యాయా అన్నది ఎకోలో తేలాలి. తీవ్రంగా ఇరుకై లక్షణాలు కూడా ఉంటే ముందు కవాటానికి చికిత్స, తర్వాతే గర్భం. గుండె డాక్టర్, ప్రసూతి డాక్టర్, మత్తు డాక్టర్, లిపిడ్ నిపుణుడు కలిసి చూసే ఆసుపత్రినే ఎంచుకోవాలి.

కాన్పు

ఎఫ్‌హెచ్ ఉందన్న ఒక్క కారణంతో సిజేరియన్ అక్కర్లేదు. గుండె రక్తనాళాల జబ్బు ఉన్నవారికి కాన్పు తర్వాత రక్తస్రావం ఆపడానికి ఎర్గోమెట్రిన్, మిథైల్‌ఎర్గోమెట్రిన్ ఇవ్వకూడదు, అవి గుండె నాళాలను బిగదీస్తాయి. ఆక్సిటోసిన్ వాడతారు. ఈ మాట కేసు షీటు మీద ముందే పెద్ద అక్షరాలతో రాయించండి. కాన్పుగదిలో ఆ రాత్రి డ్యూటీలో ఎవరుంటారో తెలియదు.

ఐదో మెట్టు: మళ్లీ మందు

ఎనిమిదో నెలలోనే డాక్టర్‌తో కూర్చుని ఒక తేదీ రాసుకోండి. తల్లిపాలు ఇచ్చినంత కాలం స్టాటిన్లు, ఎజెటిమైబ్, ఇంజెక్షన్లు వాడవద్దంటారు, కొలెస్టిరమిన్ రకం మందులు, అఫెరిసిస్ మాత్రం వాడవచ్చు. కాబట్టి ఎంతకాలం పాలివ్వాలి అన్నది మందు ప్రశ్న కూడా. గుండెజబ్బు లేనివారు ఆరు నెలలు, ఏడాది పాలిచ్చి ఆపైన స్టాటిన్‌కు వెళ్లవచ్చు. ఇదివరకే గుండెపోటు వచ్చినవారు, స్టెంట్ ఉన్నవారు పాలు తొందరగా మాన్పించడమో, మొదటి నుంచీ డబ్బాపాలకు వెళ్లడమో ఆలోచించాలి. ఆ నిర్ణయం తీసుకున్న తల్లిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. బిడ్డకు తల్లి గుండె కూడా కావాలి.

లెక్క వేసి చూడండి. ముందు ఆపిన 3 నెలలు, గర్భం రావడానికి 4 నెలలు, మోసిన 9 నెలలు, పాలిచ్చిన 12 నెలలు కలిపితే 28 నెలలు. వెంటనే రెండో బిడ్డకు వెళ్తే 56. రెండు గర్భాల మధ్య కొన్ని నెలలైనా మందు మీద ఉండేలా ఎడం పెట్టుకోవాలి.

పాలు మాన్పించిన రోజు నుంచే పాత డోసులో స్టాటిన్ మొదలుపెట్టవచ్చు, దానికి ముందు గర్భనిరోధం ఖాయం చేసుకోవాలి. పాలిస్తున్నంత మాత్రాన గర్భం రాదన్న నమ్మకం మీద ఆధారపడకండి. కాన్పయిన ఆరు వారాలకు తీసిన రిపోర్టులో ఎల్‌డీఎల్ ఇంకా గర్భం తాలూకు పెరుగుదలతోనే ఉండవచ్చు, దాన్ని చూసి డోసు పెంచకూడదు. మందు మొదలుపెట్టిన 4 నుంచి 12 వారాల మధ్య తీసిన అంకె ఆధారంగా సరిచేస్తారు. ఎజెటిమైబ్, ఇంజెక్షన్లు ముందు వాడినవారు వాటినీ అప్పుడే అడిగి కలుపుకోవాలి.

బిడ్డ సంగతి

మీ ఒక్కరికే ఎఫ్‌హెచ్ ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. పుట్టగానే బొడ్డుతాడు రక్తంలో కొలెస్ట్రాల్ చూసి తేల్చడం నమ్మకమైనది కాదు. కుటుంబంలోని జన్యు లోపం తెలిసి ఉంటే బిడ్డకు జన్యు పరీక్ష ఏ వయసులోనైనా తేలుస్తుంది. తెలియకపోతే 5 ఏళ్ల వయసు నుంచి, ఆలస్యమైనా 10 ఏళ్ల లోపు లిపిడ్ ప్రొఫైల్ చేయించాలి. కుటుంబంలో ఎఫ్‌హెచ్ ఉండి పిల్లల్లో ఎల్‌డీఎల్ 160 లేదా ఆపైన రెండుసార్లు వస్తే ఎఫ్‌హెచ్ ఉన్నట్టే చూస్తారు, 8 నుంచి 10 ఏళ్ల మధ్య స్టాటిన్ గురించి ఆలోచిస్తారు. తల్లిదండ్రులిద్దరికీ ఉంటే అంతవరకు ఆగకూడదు. మోచేతులు, మోకాళ్లు, పిరుదుల మీద, మడమ వెనక స్నాయువు మీద పసుపురంగు గడ్డలు కనిపించినా, కనిపించకపోయినా, ఆ బిడ్డను పసితనంలోనే లిపిడ్ నిపుణుడికి చూపించాలి. హోమోజైగస్ అని తేలితే చికిత్స అప్పుడే మొదలవుతుంది.